నాలుగు శుక్రవారాల హాజరు

2023 వేసవి. జగిత్యాలలో కొత్త బస్టాండు వైపు ఒక మేడ మీది గది నా ఆఫీసు. అందులో రెండు కంప్యూటర్లు, ఒక ఇన్వర్టరు, చప్పుడు తప్ప చల్లదనం ఇవ్వని ఒక కూలరు, నేను. బడులకు, విత్తనాల దుకాణాలకు, ఫంక్షన్ హాళ్లకు వెబ్‌సైట్లు తయారు చేసి, అవి పడిపోకుండా చూసుకోవడం నా పని. సైటు బాగా నడిచినన్నాళ్లు మేమెవరమో ఎవరికీ గుర్తుండదు. ఆగిన రోజు మాత్రం అందరూ ఒకేసారి ఫోన్ చేసి, "ఏమైంది మేడం, చిన్న పనే కదా" అంటారు. చిన్న పని అయితే వాళ్లే చేసుకోవచ్చు కదా అని లోపల అనుకుంటూ పైకి "చూస్తానండీ" అనడం పదిహేనేళ్లుగా అలవాటైంది.

అమ్మ పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. సాయంత్రం కూరగాయలామెతో బేరమాడుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. పొద్దున్నుంచీ అదే మొదటి మాట అని అప్పుడు తెలిసేది. దాన్ని ఒంటరితనం అంటారని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆ వేసవిలోనే రాజేశం గారు ఫోన్ చేశారు. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు ఉన్న మనిషి. పుట్టి పెరిగింది కోరుట్ల పక్క ఊరు. అక్కడి వాలీబాల్ క్లబ్బుకు ఇప్పటికీ కార్యదర్శి.

"చెల్లె, మా క్లబ్బు సైటు తెరుసుకుంటలేదు. తెరుసుకుంటే ఫోటోలు రావు. పాత సర్వర్ కంపెనోడు గట్లనే ఉంటదంటున్నడు. కొత్త దాంట్లకు మార్చిస్తవా?"

సర్వర్ అంటే రాత్రీ పగలూ ఆగకుండా నడిచే ఒక కంప్యూటరు. సైటుకు సంబంధించిన ఫోటోలు, రాతలు అన్నీ అందులో ఉంటాయి. వాటిని ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు చేర్చడాన్ని మేం మైగ్రేషన్ అంటాం. ఇల్లు మారినట్టే. సామాను ఒక్కటి తగ్గినా కొత్తింటికి పోయాకే తెలుస్తుంది.

ఈ క్లబ్బుకు ఒక ఆచారం ఉంది. గ్రౌండ్‌లో ఒక రిజిస్టరు ఉండేదట. ఆటకు వచ్చినవాడు పేరు, జెర్సీ నంబరు రాసి, పక్కన "హాజర్" అని పెట్టాలి. పెట్టనివాడు ఆ రోజు పది పాయింట్లు కొట్టినా ఆడనట్టే లెక్క. తర్వాత ఆటగాళ్లలో చాలామంది గల్ఫ్ పోయారు. వాళ్లలో కాస్త కంప్యూటరు తెలిసిన ఒకతను అక్కడి కూలీల క్యాంపులో కూర్చుని ఈ సైటు తయారు చేశాడు. అందులో ముఖ్యమైన పేజీ హాజరు పేజీయే. గల్ఫ్‌లో సెలవు శుక్రవారం కాబట్టి, ప్రతి శుక్రవారం ఎక్కడివాళ్లక్కడ ఆ పేజీ తెరిచి హాజరు వేసుకునేవాళ్లు. బంతి లేదు, నెట్టు లేదు, రిజిస్టరు మాత్రం ఉంది. వాట్సాప్ వచ్చాక అందులో రాసేవాళ్లు తగ్గి, నేను చూసేనాటికి ఏ శుక్రవారమూ నలుగురైదుగురికి మించడం లేదు.

పనిలో నన్ను ఏడిపించింది తెలుగు. ఎవరో మహానుభావుడు ఫోటోలకు తెలుగులో పేర్లు పెట్టాడు, కొత్త సర్వర్‌లోకి రాగానే ఆ పేర్లన్నీ పిచ్చి గుర్తులయ్యాయి. హాజరు పేజీలో పదేళ్ల రాతలు వరసగా ప్రశ్నార్థకాలై కూర్చున్నాయి. రెండు రోజులు పట్టుకుని కూర్చుని ఒక్క అక్షరం పోకుండా సరిచేశాను. ఆ తర్వాత సైటు పేరును కొత్త సర్వర్‌కు తిప్పాను. ప్రతి సర్వర్‌కూ ఐపీ అడ్రస్ అని ఒక నంబరుంటుంది. మనం ఫోన్లో పేరు నొక్కితే నంబరుకు కాల్ పోయినట్టు, సైటు పేరు కొడితే ఆ నంబరున్న సర్వర్ తెరుచుకుంటుంది. పేరు వెనకున్న నంబరు మారిస్తే చాలు, అందరూ కొత్తింటికి వస్తారు.

సైటు ఎలా ఉందో కనుక్కోమని నేనంటే, రాజేశం గారు క్లబ్బు వాట్సాప్ గ్రూపులో అడిగారు. అందరూ బొటనవేళ్లు పెట్టారు. "మస్తున్నది" అన్నారు. నేను కాస్త గర్వపడ్డానని దాచడమెందుకు. పాత సర్వర్‌ను వెంటనే మూసేయకుండా ఒక నెల ఉంచడం మా పద్ధతి. అలాగే ఉంచి, మరిచిపోయాను.

ఆ నెల చివరి వారం, సోమవారం మధ్యాహ్నం, ఒకామె మెట్లెక్కి వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. కోరుట్ల నుంచి వచ్చానని, పేరు జమున అని, బీడీలు చేస్తానని చెప్పింది. చెప్పులు బయటే విడిచి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, మీరు సైటు మార్చినంక మా ఆయన హాజరు వడ్తలేదు."

నాకు చిరాకేసింది. అందరూ బాగుందన్న పనిలో తప్పు పట్టే మనుషులంటే నాకు అప్పట్లో సహనం తక్కువ. "రాస్తెనే గదమ్మా వడేది. మీ ఆయన రాయకుంటె నేనేం జేస్త?" అన్నాను.

"రాయకుండ ఉండడు" అంది నెమ్మదిగా.

అప్పుడు కూర్చుని చెప్పింది. భర్త పేరు గంగారాం. అసలు పేరు అది కాదు, దేశం పేరూ నేను రాయను. వెళ్లిన కంపెనీలో జీతమివ్వకుండా సతాయిస్తే బయటికి వచ్చేశాడు. అలా కాగితాలు లేకుండా దొరికిన పని చేసుకుంటూ బతికేవాళ్లను మా వైపు ఖల్లివల్లి అంటారు. నాలుగేళ్లయింది. సొంత సిమ్ము లేదు. శుక్రవారం నాడు గదిలో ఎవరో జరసేపు ఫోన్ ఇస్తారు. ఇంటి నంబరుకు చేస్తే పట్టుకుంటారని ఆయనకు భయం.

"గా మాట నిజమో కాదో నాకు తెల్వదు అక్కా. ఆయన భయం ఆయనది. ఆ పేజీకి నంబరు అక్కర్లేదు, ఏం అక్కర్లేదు. పేరు రాసి హాజర్ అని వెడ్తడు. నేను శుక్రారం పొద్దుగూకినంక సూస్త. ఉన్నడు అనుకుంట. గంతే."

"నువ్వెప్పుడన్న రాసినవా అండ్ల?"

"మగోళ్ల రిజిస్టర్ల నేనేం రాస్త?"

నాలుగు వారాలుగా ఆయన పేరున్న వరస లేదు. మిగతావాళ్ల హాజర్లు పడుతున్నాయి. ఆయనది లేదు. ఆమె అన్నంత శాంతంగా నేను వినలేకపోయాను. కొత్త సర్వర్‌లో వెతికాను. గంగారాం పేరుతో చివరి వరస నేను మార్చడానికి ముందుది. తర్వాత ఏమీ లేదు. ఈ మాట ఆమెకెలా చెప్పాలో తెలియలేదు. ఆ మనిషికి ఏదో అయిందనే అనుకున్నాను. ఆమె లేచి వెళ్తుందేమోనని చూశాను. వెళ్లలేదు. ఆమె ముందు ఖాళీగా కూర్చోలేక, ఊరికే ఏదో చేస్తున్నట్టు ఉండటానికి, పాత సర్వర్ తెరిచాను.

అందులో నాలుగు కొత్త వరసలున్నాయి.

మొదటి శుక్రవారం: "గంగారాం. 7. హాజర్."

రెండోది: "గంగారాం. 7. హాజర్. ఇయ్యాల ఎవ్వలు రాయలే. ఆట లేదా?"

మూడోది: "హాజర్. అందరు ఏడికి పోయిన్రు? నేనొక్కన్నే ఉన్న."

నాలుగోది మూడు రోజుల కిందటిది: "హాజర్. జమునా, నువ్వన్న సూస్తున్నవా? చేతికి దెబ్బ తగిలింది, మంచిగయింది. ఇక్కడ కాగితాలు లేనోళ్లు పేరిచ్చి ఇంటికి పోవచ్చని గడువు ఇచ్చిన్రు. పేరియ్యాల్నా, ఇంక ఆగాల్నా? వచ్చే శుక్రారం సూస్త. ఆ తర్వాత గడువు లేదు."

జమున ఆ నాలుగు వరసలూ నిలబడే చదివింది. ఏడవలేదు. "ఉన్నడు" అంది.

నా తప్పేమిటో నాకు అప్పుడు అర్థమైంది. సైటు తయారైన కొత్తలో దానికి పేరు కొనలేదు. క్యాంపు గది తలుపు లోపలివైపు మార్కరుతో సర్వర్ నంబరు రాసి పెట్టారని, అందరూ దాన్నే కొట్టి తెరిచేవాళ్లని జమున చెప్పింది. పేరు వచ్చాక మిగతావాళ్లు పేరుకు మారారు. గంగారాం మాత్రం కంఠతా వచ్చిన ఆ నంబరునే ఎవరి ఫోన్ దొరికితే అందులో కొడుతున్నాడు. నేను తిప్పింది పేరును. నంబరు పాతింటికే పోతుంది. నెలరోజులు ఆ మనిషి అందరూ ఖాళీ చేసిన ఇంట్లో నిలబడి పిలుస్తున్నాడు.

ఇంకో సంగతి జమునకు చెప్పక తప్పలేదు. పాత సర్వర్ గడువు బుధవారంతో తీరుతుంది. ఆయన చూసేది శుక్రవారం. ఇప్పుడే అందులో జవాబు రాసిపెట్టినా, ఆయన తెరిచేనాటికి ఆ పేజీయే ఉండదు.

గడువు పొడిగించాలంటే ఖాతా రాజేశం గారిది. ఆయన ఫోన్‌కు వచ్చే ఓటీపీ కావాలి. సాయంత్రం దాకా ఫోన్ చేశాను. మగ్గాలు నడుస్తుంటే ఆ షెడ్డులో పక్క మనిషి మాటే వినపడదు, ఫోనేం వినపడుతుంది. మంగళవారం పొద్దున సిరిసిల్ల బస్సెక్కాను.

షెడ్డు దొరికింది కానీ మాట దొరకలేదు. ఆయన నా పెదాలు చూస్తూ "ఆఁ? ఆఁ?" అంటున్నారు, నేను అరుస్తున్నాను. చివరికి నా ఫోన్లో ఆ నాలుగు వరసలు తెరిచి చేతికిచ్చాను. చదివి, చెయ్యి ఊపి, దగ్గరి మగ్గాలు ఆపించారు. కొంత చప్పుడు తగ్గింది.

"ఏడు నంబరు. సర్వీసు మంచిగ ఏస్తుండె" అన్నారు. వరసలు మళ్లీ చదివి, "వీని సిమ్ము బందయినప్పుడు గ్రూపులకెళ్లి నేనే తీసేసిన చెల్లె. నంబరు పని చేస్తలేదని. మనిషి ఉన్నడన్నది యాదికి రాలే" అన్నారు.

"నేను గూడ గ్రూపుల ఉన్నోళ్లనే అడిగిన అన్నా."

ఆయన జవాబుగా అప్పుడే అందులో ఏదో రాయబోయారు. "అందరం ఉన్నంరా అని ఒక్క మాట పెడ్త" అన్నారు. గంగారాం అడిగింది జమునను, ముందు ఆమెను రాయనివ్వండని ఆపాను. ఓటీపీ చెప్పారు. ఎన్నాళ్లకు పొడిగించాలంటే, "వాడు అచ్చేదాక" అన్నారు. కంపెనీవాళ్ల జాబితాలో అలాంటి గడువు ఉండదు. మూడు నెలలకు వేశాను.

పాత నంబరు తెరిచినవాళ్లు నేరుగా కొత్త సైటుకు పోయేలా ఒక దారి పెట్టవచ్చు. మామూలుగా అయితే అదే చేస్తాం. కానీ కొత్త సైటు మరీ పాత ఫోన్లలో ఒక్కోసారి తెరుచుకోదు. ఆయన చేతికి ఏ ఫోన్ వస్తుందో ఎవరికి తెలుసు? ఆ పేజీని ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు వదిలేశాను.

ముందే రాసిపెట్టమని జమునకు ఫోన్లో చెప్పాను. ఒప్పుకోలేదు. "నాలుగేండ్ల నుంచి ఆయన రాసిండు, నేను సదివిన. గిది రాసిపెట్టి పోయే ముచ్చట కాదక్కా. ఆయన అక్కడ కూసున్నప్పుడే చెప్త. శుక్రారం అస్త" అంది.

శుక్రవారం పొద్దున్నే పాత సర్వర్ యాక్సెస్ లాగ్ తెరిచి కూర్చున్నాను. అది సర్వర్ తనకు తాను రాసుకునే చిట్టా. ఎవరైనా ఒక పేజీ తెరిస్తే, ఏ అడ్రస్ నుంచి తెరిచారో, ఎన్ని గంటలకో ఒక వరస పడుతుంది. పదకొండు దాకా నాది తప్ప ఇంకో అడ్రస్ లేదు. జమున ఫోన్ చేసి, కోరుట్లలో బస్సు ఆలస్యమైందని, ఇప్పుడే ఎక్కానని చెప్పింది. నలభై నిమిషాల దారి.

ఆమె పెట్టేసిన కాసేపటికే చిట్టాలో కొత్త వరస పడింది. వెంటనే పేజీలో: "గంగారాం. 7. హాజర్."

నేను లేచి నిలబడ్డాను. ఎందుకో తెలియదు, గదిలోకి ఎవరో వచ్చినట్టే అనిపించింది.

మళ్లీ వరస. మళ్లీ. పేజీని తిరిగి తిరిగి తెరుస్తున్నాడు. "జమునా, సూసినవా?" అని రాశాడు. ఆగి ఆగి, "సరే. ఫోన్ ఇచ్చెయ్యాలె" అని పెట్టాడు.

మా పనిలో ఒక నియమం ఉంది. క్లయింటు సైటులో మనం ఒక్క అక్షరం రాయకూడదు. తాళంచెవి మన దగ్గరుంది కదా అని ఇంటివాళ్ల కుర్చీలో కూర్చోకూడదు. పదిహేనేళ్లలో ఎప్పుడూ తప్పలేదు. ఆ రోజు తప్పాను.

"ఆగున్రి. జమున బస్సుల ఉన్నది. అస్తున్నది."

చాలాసేపు ఏమీ రాలేదు. వెళ్లిపోయాడనుకున్నాను. తర్వాత: "మీరెవలు?"

"సైటు చూసేదాన్ని."

"ఇంక ఎవలన్న ఉన్నరా ఈ సైటుల?"

ఈ ప్రశ్నకు సరైన జవాబు పెద్దది. కొత్త సర్వర్, పాత నంబరు, నా పొరపాటు. ఏదీ రాయలేదు. "ఉన్న" అని మాత్రం రాశాను.

ఆ తర్వాత ఆయన వెళ్లలేదు. ఫోన్ ఇచ్చినతన్ని బతిమాలుకున్నాడో ఏమో. జమున బక్కగయిందా అని అడిగాడు. ఒక్కసారే చూశాను, మంచిగనే ఉందన్నాను. ఎండలెట్లున్నయని అడిగాడు, కూలరు పని చేస్తలేదన్నాను. రాజేశం అన్న ఇంకా రిజిస్టరు పెడుతున్నాడా అన్నాడు. మీ సర్వీసు మంచిదని చెప్పిండన్నాను. దానికి ఆయన ఏమీ రాయలేదు, కానీ పేజీ మళ్లీ మళ్లీ తెరుచుకోవడం చిట్టాలో కనిపిస్తూనే ఉంది. నేనూ అలాగే తెరుస్తున్నాను. అమ్మ పోయాక నేను అంతసేపు ఒక మనిషితో మాట్లాడటం అదే మొదటిసారి. ఆ సంగతి ఆ కుర్చీలో ఉండగానే తెలిసింది.

జమున ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. కుర్చీ ఇచ్చాను. కీబోర్డు మీద తెలుగు రాయడం రాదంటే ఆమె ఫోన్లోనే ఆ నంబరు తెరిచి పెట్టాను. ఒక వేలితో రాసింది. ఏం రాసిందో నాకు చూపించింది, తప్పుల్లేవు కదా అని అడిగింది.

"జమున. హాజర్. పేరియ్యి. ఇంటికి రా."

తప్పుల్లేవన్నాను. పంపింది. నేను బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. లోపల ఆమె ఒకసారి నవ్వింది, ఒకసారి ముక్కు చీదింది. గంట పైనే అయింది. బయట ఎండ మండిపోతోంది. ఆ గంటా నాకు వెళ్లడానికి వేరే చోటు లేదు, పలకరించడానికి మనిషీ లేదు. లోపల ఇద్దరు మాట్లాడుకుంటున్నారు, అది చాలు అనుకోవడానికి ప్రయత్నించాను. పూర్తిగా చాలలేదు.

ఆయన పేరిచ్చాడు. కాగితాలయ్యేసరికి వానలు మొదలయ్యాయి. వచ్చిన వారానికి ఇద్దరూ నా ఆఫీసుకు వచ్చారు. నేననుకున్నదానికన్నా పొట్టి మనిషి. ఎడమ చేతి రెండు వేళ్లు సరిగా ముడుచుకోవడం లేదు. కింది హోటలు నుంచి చాయ్ తెప్పించాను. ఆ రోజు పేజీలో అంత రాసుకున్నవాళ్లం, ఎదురుగా కూర్చుంటే ఒక్క మాటా రాలేదు. జమునే నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూసి నవ్వింది. చాయ్ అయిపోయాక ఆయన అన్నాడు:

"ఆ పొద్దు మీరు రాయకుంటె ఫోన్ ఇచ్చేసి పోతుంటి మేడం. మల్ల ఆ పేజీ తెరువకపోతుంటి. అందరు నన్ను ఇడిసిపెట్టిన్రు అనుకున్న. గడువు పోయినా పోనీ అనుకున్న."

నా వల్లే జరిగిందని చెప్పాను. పేరు తిప్పాను, నంబరు సంగతి చూడలేదని చెప్పాను. ఆయనకు అర్థమైందో లేదో, "ఉన్న అని రాసిన్రు గదా" అన్నాడు.

ఈ కేసు నాకు నేర్పింది సర్వర్ల గురించి తక్కువ. పని బాగా జరిగిందా అని నేను జవాబిచ్చేవాళ్లనే అడిగాను. జవాబిచ్చేవాళ్లు ఎలాగూ చేరిపోయినవాళ్లు. చేరనివాళ్లు జవాబు ఇవ్వరు, ఇవ్వలేరు కాబట్టే వాళ్లు చేరలేదు. ఈ సంగతి నాకన్నా తెలిసి ఉండాల్సింది ఎవరికి? నేను ఏ గ్రూపులోనూ లేను, నా క్షేమం అడిగే జాబితా కూడా ఎక్కడా లేదు.

మూడు నెలల గడువు తీరే రోజున క్లబ్బు పాత సర్వర్‌ను ఆపేశాను. ఆ నాలుగు వరసల్నీ, శుక్రవారం నాటి మాటల్నీ తేదీలతో సహా కొత్తదానిలోకి చేర్చాను. నేను రాసిన వరసల్ని తీసేద్దామనుకున్నాను, నియమం ప్రకారం తీసేయాలి. రాజేశం గారు ఉంచమన్నారు, ఉంచాను. ఇప్పుడు ఎవరి సైటు మార్చినా పాతదాన్ని మూసే ముందు కొన్ని వారాలు, ప్రతి శుక్రవారం, దాని చిట్టా తెరుస్తాను. దాదాపు ఎప్పుడూ అందులో ఒక్క అడ్రసే ఉంటుంది, అది నాది. అయినా పొద్దుగూకే దాకా చూసే మూస్తాను.